కత్తికి విషం పూస్తే పాలడిన్ ఊరుకోవాలా? (డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఫిఫ్త్ ఎడిషన్, 2014 రూల్స్)

జీతంలేని_డీఎం
నేను డీఎం, అంటే ఆట నడిపేవాణ్ణి. ఐదో లెవెల్ పార్టీ (ఆటగాళ్ల జట్టు), 2014 పుస్తకాలు. రోగ్ (దొంగ పాత్ర) ఆడే అతను 100 గోల్డ్ పెట్టి బేసిక్ పాయిజన్ సీసా కొని షార్ట్‌సోర్డ్‌కి పూస్తానంటున్నాడు. డివోషన్ ఓత్ (ధర్మానికి కట్టుబడతానన్న ప్రమాణం) చేసిన పాలడిన్, అంటే ధర్మయోధురాలి పాత్ర ఆడే అమ్మాయేమో "విషం పూసేవాడితో నా క్యారెక్టర్ ఒక్క అడుగు కూడా వెయ్యదు" అని భీష్మించుకు కూర్చుంది. సెషన్ మొత్తం ఇదే పంచాయితీ. గుహలో గోబ్లిన్లు మా కోసం ఎదురుచూసి విసిగిపోయుంటాయి. రెండు సంగతులు తేల్చండి. రూల్ ప్రకారం విషం వాడటం పాపమా? అసలు ఇంత గొడవపడేంత సరుకు ఆ సీసాలో ఉందా?

లెక్కల_మాంత్రికుడు
రెండోది ముందు తేలుద్దాం, మొదటిది సగం దాంతోనే తేలుతుంది. బేసిక్ పాయిజన్ అంటే డీసీ 10 కాన్‌స్టిట్యూషన్ సేవ్, ఫెయిలైతే 1డీ4 డ్యామేజ్. అంటే దెబ్బ తిన్నవాడు ఇరవై ముఖాల డైస్ వేసి, కాన్ (ఒంటి దారుఢ్యం) బోనస్ కలిపి 10 తెచ్చుకోవాలి, లేకపోతే నాలుగు ముఖాల డైస్ ఒకటి వేసి ఎంత పడితే అంత డ్యామేజ్. గోబ్లిన్ కాన్ 10, అంటే బోనస్ సున్నా. 1 నుంచి 9 వరకు ఏది పడినా ఫెయిల్, 45 శాతం. 1డీ4 సగటు 2.5. గుణిస్తే దెబ్బకి 1.1 పైచిలుకు. ఓగర్ అనే రాక్షసుడికి ప్లస్ 3 కాబట్టి 6 లోపు పడాలి, 30 శాతం, అంటే దెబ్బకి ముప్పావు పాయింట్. పూయడానికి ఒక యాక్షన్, అంటే ఆ టర్న్‌లో చేసే ముఖ్యమైన పని, పోతుంది. యుద్ధం మధ్యలో పూస్తే ఆ టర్న్‌లో 3డీ6 స్నీక్ ఎటాక్ (రోగ్ కొట్టే చాటుదెబ్బ), సగటు పదిన్నర, గాల్లో కలిసినట్టే. నిమిషంలో ఆరిపోతుంది కూడా. అదే 100 గోల్డ్‌కి హీలింగ్ పోషన్లు రెండొస్తాయి.

గుహలోగుమ్మడి
అంటే ఈ పంచాయితీ అంతా 1.1 పాయింట్ల పాపం గురించా.

అమీర్‌పేట_రోగ్
గట్లెట్ల లెక్కేస్తవ్ అన్నా? నిమిషం సేపు పనిచేస్తదని రాసిండ్రు గాని ఒక్క దెబ్బకే అయిపోతదని 2014 పుస్తకంల యాడ లేదు. నిమిషం అంటే పది రౌండ్లు. కత్తికి పూస్తే తగిలిన ప్రతిసారి సేవ్ ఏయాలె. బాణాలకైతే మూడిటికే వస్తది, అవి కొట్టంగనే అయిపోతయ్. గందుకే కత్తికే పూయాలె. తలుపు తన్నే ముందే పూస్తే యాక్షన్ గూడ దండగ కాదు.

లెక్కల_మాంత్రికుడు
@అమీర్‌పేట_రోగ్ సరే, పది రౌండ్లూ తగిలాయనుకో. పదకొండు పాయింట్లు. పది రౌండ్లు నడిచే యుద్ధం ఎక్కడుందో చూపించు, నేనూ వస్తా. నువ్వు చెప్పిన ప్రతి దెబ్బకీ అన్నది 2014 బేసిక్ పాయిజన్‌కే. డంజన్ మాస్టర్స్ గైడ్‌లోని ఇంజ్యురీ (గాయంలోంచి ఎక్కే) విషాలు వేరు. అవి ఆరవు, కానీ ఒక్క గాయంలో దిగగానే అయిపోతాయి. 2024 పుస్తకంలో బేసిక్‌ది కూడా మార్చేశారు: బోనస్ యాక్షన్‌తో (అదే టర్న్‌లో అదనంగా చేసే చిన్న పనితో) పూయొచ్చు, సేవ్ లేదు, నేరుగా 1డీ4 అదనం, కానీ ఒక్కసారే.

పాతపెట్టె
ఈ గొడవ ఎక్కడ మొదలైందో తెలియకుండా తేల్చలేరు. ఏడీ అండ్ డీ, అంటే ఈ ఆట పాత ఎడిషన్ల, కాలంలో విషం అంటే సేవ్ ఆర్ డై, సేవ్ తప్పితే చావే. 1989 సెకండ్ ఎడిషన్ పట్టికలో విషాలకి ఏ నుంచి పీ వరకు అక్షరాలు పెట్టారు. ఎఫ్ రకం రక్తంలోకి దిగితే వెంటనే పనిచేస్తుంది, సేవ్ ఫెయిలైతే చావే, నిలబడితే ఏమీ లేదు. అలాంటిది పార్టీ చేతికిస్తే ఏమవుతుంది? మూడో లెవెల్ దొంగ ఒక్క బాణంతో రాక్షసుణ్ణి పడగొడతాడు, డీఎం వారమంతా కూర్చుని రాసుకున్నది ఒక్క డైస్‌తో అవతల. అందుకే "మంచివాళ్లు విషం ముట్టరు" అని ధర్మం పేరుతో కంచె కట్టారు. ఆ కంచె ఆటలో బ్యాలెన్స్ కోసం. తర్వాత ఎడిషన్లలో విషం కోరలు పీకేశారు గానీ కంచె మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు మీ పాలడిన్ కాపలా కాస్తున్నది ఖాళీ దొడ్డికి.

ఓత్_తప్పనివాడు
@పాతపెట్టె అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. థర్డ్ ఎడిషన్ పాలడిన్ కోడ్‌లో నేరుగా ఉంది: అబద్ధమాడకూడదు, మోసం చెయ్యకూడదు, విషం వాడకూడదు. అక్కడ విషం సేవ్ ఆర్ డై కూడా కాదు, ఎబిలిటీ డ్యామేజ్, అంటే కాన్ లాంటి అంకెలే తగ్గుతాయి. తగిలినప్పుడు ఒకసారి, నిమిషం తర్వాత ఇంకోసారి సేవ్. బ్లాక్ ఆడర్ వెనమ్ అయితే డీసీ 11, రెండుసార్లూ 1డీ6 కాన్. అయినా నిషేధం పోలేదు. కాబట్టి ఇది ఒట్టి బ్యాలెన్స్ సంగతి కాదు, ఎదుటివాడికి తెలియని ఆయుధంతో కొట్టకూడదనే పద్ధతి.

లెక్కల_మాంత్రికుడు
కాన్ పడిపోతే హిట్ పాయింట్లూ పడతాయి, సున్నాకొస్తే చావు. అదే థర్డ్ ఎడిషన్‌లో వైవర్న్ (తోకలో విషపు ముల్లున్న డ్రాగన్ లాంటి జంతువు) విషం 2డీ6 కాన్, మళ్లీ 2డీ6 కాన్. సేవ్ ఆర్ డైకి పేరు మార్చారంతే.

ఓత్_తప్పనివాడు
మరి 2003లో వచ్చిన బుక్ ఆఫ్ ఎగ్జాల్టెడ్ డీడ్స్ ఏమంటుంది? ఎబిలిటీ డ్యామేజ్ చేసే విషం అనవసరంగా హింసిస్తుంది కాబట్టి చెడ్డ పని. స్పృహ తప్పించే ఆయిల్ ఆఫ్ టాగిట్ ఫర్వాలేదు, డ్రౌ (భూగర్భంలో ఉండే ఎల్ఫ్ జాతి) వాడే నిద్రవిషం కూడా దానంతటది చెడ్డది కాదు. గీత ఎక్కడ గీయాలో చక్కగా చెప్పింది.

గుహలోగుమ్మడి
చక్కగానా? అదే పుస్తకంలో మంచివాళ్ల కోసం రావేజ్‌లని పెట్టారు. చెడ్డవాళ్ల మీదే పనిచేసే విషం అన్నమాట. ఎబిలిటీ డ్యామేజ్ అదే, బాధ అదే, లేబుల్ తెల్లది. ఫైర్‌బాల్‌తో ఇరవై మందిని సజీవంగా కాలిస్తే హింస కాదట, కత్తి కొనకి చుక్క రాస్తే హింసట.

తెనాలి_విజర్డ్
ఫైర్‌బాల్ మాటొచ్చింది కాబట్టి చెప్తా. మన మనుస్మృతి ఏడో అధ్యాయం, 90వ శ్లోకంలో యుద్ధనియమం ఉంది: దాచిపెట్టిన ఆయుధాలు, ముళ్ల బాణాలు, విషం పూసిన బాణాలు, నిప్పుతో మండే బాణాలు వాడకూడదని. విషమూ నిప్పూ ఒకే శ్లోకంలో, పక్కపక్కనే. ఆ పుస్తకంలో మిగతా వాటితో నాకు బోలెడు పేచీ ఉంది, అది వేరే సంగతి. ఆ పాలడిన్ గారు పూర్వకాలపు యుద్ధధర్మం అంటే ముందు పార్టీలో ఉన్న విజర్డ్ స్పెల్‌బుక్ తీసి చూడమనండి.

ఓత్_తప్పనివాడు
@తెనాలి_విజర్డ్ ఆ శ్లోకం నా వాదననే బలపరుస్తోంది. పద్ధతి అనేది ఆటకంటే పాతదని.

తెనాలి_విజర్డ్
దాని పక్కనే అర్థశాస్త్రం పద్నాలుగో అధికరణం కూడా చదవండి, శత్రువుని విషంతో ఎలా చంపాలో యోగాలన్నీ వరసగా ఉంటాయి. రెండు ధోరణులూ పాతవే. పార్టీలో పాలడిన్ ఒకటి, రోగ్ ఇంకొకటి.

జీతంలేని_డీఎం
పాపం గురించి 2014 పుస్తకంలో ఏమైనా ఉందా? నాకు కావలసింది అది.

నియమావళి
ఉన్నది ఉన్నట్టు చెప్తా. డంజన్ మాస్టర్స్ గైడ్‌లో విషాల భాగం మొదట్లోనే, చాలా సమాజాల్లో విషం చట్టవిరుద్ధం అనీ, హంతకులకీ డ్రౌలకీ మిగతా దుష్టజీవులకీ ఇష్టమైన సాధనం అనీ ఉంది. వాడితే ఎలైన్‌మెంట్ (పాత్ర మంచిదా చెడ్డదా అన్న ముద్ర) మారుతుందని ఎక్కడా లేదు. డివోషన్ ఓత్‌లో నిజాయితీ, ధైర్యం, కరుణ, గౌరవం, బాధ్యత ఉన్నాయి, విషం పేరు లేదు. వెంజన్స్ (ప్రతీకార) ఓత్‌లో అయితే దుష్టుల్ని అంతం చేయడానికి ఏ మార్గమైనా సరే అని ఉంది. కాబట్టి రూల్ ప్రకారం ఇది పాపం కాదు, నేరం. ఊళ్లో తలారి పట్టుకుంటే సీసా జప్తు, లంచం, జైలు. డీఎంకి పనికొచ్చేది అదే. దేవుడి కోపంతో ఆట ఆగిపోతుంది, తలారి వస్తే ముందుకెళ్తుంది.

ఓత్_తప్పనివాడు
గౌరవం అన్న మాటలోనే విషం వచ్చేస్తుంది.

గుహలోగుమ్మడి
చీకట్లో వెనకనుంచి స్నీక్ ఎటాక్ చేసే రోగ్‌తో ఐదు లెవెళ్లు కలిసి తిరిగిన పాలడిన్‌కి గౌరవం ఇవాళే గుర్తొచ్చిందా?

మరుగుజ్జు_మావ
మా డ్వార్ఫ్‌లకి పుట్టుకతోనే విషానికి రెసిస్టెన్స్ (సగం డ్యామేజే), సేవ్‌కి అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి ఎక్కువది తీసుకోవడం). మీరూ మీరూ తేల్చుకోండి. ఆ మిగిలిన సూప్ ఇటు పంపండి.

విందు_విషాదం
కత్తి విషం గురించి ఇంత కొట్టుకుంటున్నారు గానీ అసలు చిక్కు తిండిలో కలిపేదానితో. కత్తితో కొట్టాక విషం ఇంకో నాలుగు పాయింట్లు తీసినా ఎదుటివాడి చేతిలో కత్తి ఉంది, వాడికి యుద్ధమని తెలుసు. విందులో కూర్చున్నవాడికి తెలియదు. మీ పాలడిన్ పట్టుబట్టాల్సింది అక్కడ.

అక్కడ రూల్స్ కూడా చాలామంది తప్పుగా నడుపుతారు. "గిన్నెడు సూప్‌లో ఒక సీసా పోశా, ఇరవైమంది కాపలావాళ్లూ అవుట్" అంటారు ప్లేయర్లు. కుదరదు. తినే విషం పనిచేయాలంటే ఒక మనిషి ఒక డోస్ పూర్తిగా మింగాలి. కొంచెమే మింగితే సేవ్‌కి అడ్వాంటేజ్ ఇవ్వడమో, ఫెయిలైనా సగం డ్యామేజే వెయ్యడమో డీఎం ఇష్టం. ఇరవయ్యోవంతుకి నా తీర్పు కడుపునొప్పి. ఇరవైమందికీ కావాలంటే ఇరవై సీసాలు.

ఏ సీసా అన్నది తర్వాతి ప్రశ్న. అసాసిన్స్ బ్లడ్ 150 గోల్డ్, డీసీ 10, ఫెయిలైతే 1డీ12 డ్యామేజ్, 24 గంటలు పాయిజన్డ్. పేరు చూసి కొంటారు. మాన్‌స్టర్ మాన్యువల్‌లోని నోబుల్‌కి 9 హిట్ పాయింట్లు, కాన్ బోనస్ సున్నా. సేవ్ ఫెయిలవడం 45 శాతం, అందులో 9 గానీ పైన గానీ పడటం మూడోవంతు. అంటే జమీందారు నేల కరిచే అవకాశం 15 శాతం. మిగతా 85 శాతం, వాడు బతికి తలుపులు మూయించి వంటవాణ్ణి పిలిపిస్తాడు. మిడ్‌నైట్ టియర్స్ అయితే డీసీ 17, 9డీ6, సేవ్ చేసినా సగం. నోబుల్ దాదాపు ఖాయంగా పోతాడు, అదీ అర్ధరాత్రి గంట కొట్టినప్పుడే, అప్పటికి మీరు ఊరు దాటొచ్చు. కానీ 1500 గోల్డ్. ప్లేట్ ఆర్మర్ ఖరీదు. చంపకుండా పని కావాలంటే టార్పర్, 600, డీసీ 15, ఫెయిలైతే 4డీ6 గంటలు ఏ యాక్షనూ చెయ్యలేడు. పాలడిన్‌తో రాజీకి ఇదే దారి.

పోయడానికి స్లైట్ ఆఫ్ హ్యాండ్ (చేతివాటం) చెక్, దానికి పోటీగా చూసేవాళ్ల పాసివ్ పర్సెప్షన్ (డైస్ వెయ్యకుండానే లెక్కపెట్టే గమనింపు). ఏ గిన్నె ఎవరి ముందుకెళ్తుందో ముందే రాసి పెట్టుకోండి, లేకపోతే డైస్ పడ్డాక వాదనలొస్తాయి.

అమీర్‌పేట_రోగ్
15 శాతమా! దానికన్న మెట్ల మీంచి నూకేసుడు నయం.

నియమావళి
@విందు_విషాదం ఒకటి కలుపుతా. ప్యూరిఫై ఫుడ్ అండ్ డ్రింక్ మొదటి లెవెల్ మంత్రం, రిచువల్‌గా (తంతులా) చెయ్యొచ్చు, ఐదడుగుల వ్యాసార్ధంలో తిండి శుద్ధి. డిటెక్ట్ పాయిజన్ అండ్ డిసీజ్ కూడా అంతే, ముప్ఫై అడుగులు. క్లెరిక్ (పూజారి) గానీ డ్రూయిడ్ (ప్రకృతి మంత్రగాడు) గానీ ఉన్న ఏ కోటలోనూ 1500 గోల్డ్ సీసా ఊరికే పనిచేయదు. అయితే రిచువల్‌గా చేస్తే మామూలు సమయానికి తోడు పది నిమిషాలు పడుతుంది. అతిథి కూర్చుని పది నిమిషాలు మంత్రం చదివితే ఇంటాయనకి అవమానం. దాన్ని వాడుకోండి.

తెనాలి_విజర్డ్
మంత్రం వద్దనుకుంటే కౌటిల్యుడి దగ్గర సరుకుంది. రాజు తినేముందు వంటవాడు రుచి చూడాలి, తర్వాత కొంచెం అగ్నికి, కొంచెం పక్షులకి వెయ్యాలి. విషముంటే మంట, పొగ నీలంగా మారి చిటపటలాడతాయి, పక్షులు చస్తాయి. విషం దగ్గర చకోరం కళ్లు ఎర్రబడతాయి, క్రౌంచపక్షికి మత్తెక్కుతుంది, కోకిల చస్తుంది. పర్సెప్షన్ రోల్ చెయ్యమని అడిగితే విషముందని ప్లేయర్లకి మీరే చెప్పేసినట్టు. దాని బదులు "మూలన పంజరంలో పక్షి కళ్లు ఎర్రగా ఉన్నాయి" అనండి. పట్టుకున్నవాడు పట్టుకుంటాడు.

విందు_విషాదం
ఇది తీసుకుంటున్నా. ప్రతి కోటలో ఒక చకోరం.

గుహలోగుమ్మడి
మూడో కోటకల్లా పార్టీలో ప్రతివాడూ చకోరం కొనుక్కుంటాడు, చూస్తుండండి.

కొండచిలువ్వ
కొనడం దండగ, వైవర్న్‌ని చంపి తోకలోంచి తీసుకుంటే 1200 గోల్డ్ విషం ఉచితం కదా? మా రేంజర్ అడుగుతోంది.

లెక్కల_మాంత్రికుడు
@కొండచిలువ్వ ఉచితం కాదు. వైవర్న్ చచ్చో, ఏ యాక్షనూ చెయ్యలేని స్థితిలోనో ఉండాలి. 1డీ6 నిమిషాలు పడుతుంది. డీసీ 20 ఇంటెలిజెన్స్ నేచర్ చెక్. ఐదో లెవెల్‌లో ఇంటెలిజెన్స్ ప్లస్ 1, ప్రొఫిషియెన్సీ (నేర్చుకున్న పనికి వచ్చే బోనస్) 3, మొత్తం ప్లస్ 4. 16 గానీ పైన గానీ పడితేనే ఒక డోస్: 25 శాతం. 12 నుంచి 15 పడితే ఏమీ రాదు: 20 శాతం. 11 లోపు పడితే ఐదు తేడాతో ఫెయిల్, ఆ విషం మీకే ఎక్కుతుంది: 55 శాతం. డీసీ 15, 7డీ6, సేవ్ చేసినా సగం. ఎవరైనా హెల్ప్ చేసి అడ్వాంటేజ్ వస్తే దొరకడం 44 శాతానికి పెరుగుతుంది, మీకెక్కడం 30కి తగ్గుతుంది. చెయ్యి పెట్టేముందు 50 గోల్డ్ యాంటీటాక్సిన్ తాగండి, గంటసేపు సేవ్‌లకి అడ్వాంటేజ్.

కొండచిలువ్వ
పాయిజనర్స్ కిట్ ప్రొఫిషియెన్సీ ఉంటే విషం మీద పడదని జానథార్స్ గైడ్‌లో ఉందిగా?

నియమావళి
విషాన్ని పట్టుకోవడం, పూయడం వరకే అక్కడ ఉంది. తియ్యడానికి వేరే రూల్ ఉన్నప్పుడు అదే చెల్లుతుంది.

అమీర్‌పేట_రోగ్
నేనొప్పుకోను. సచ్చిన వైవర్న్ తోకల చెయ్యి పెట్టుడు పట్టుకునుడు కాకుంటే ఇంకేంది? 50 గోల్డ్ పెట్టి కిట్ కొన్నోనికి గంత గూడ ఇయ్యకుంటే ఎట్ల?

లెక్కల_మాంత్రికుడు
డీఎం ఇష్టం. తయారుచేసుకుందామా అంటే ఇంకా ఘోరం: ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం రోజుకి 5 గోల్డ్ విలువే సాగుతుంది, ముడిసరుకు సగం ధర. వైవర్న్ విషం ఖరీదు పెట్టి లెక్కేస్తే 240 రోజులు. విలన్ ఈలోగా ముసలాడైపోతాడు.

డ్రూయిడక్క
పాయిజనర్ ఫీట్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక విద్య) ఎవరూ ఎత్తలేదే? 2020 టాషాస్ కాల్డ్రన్ పుస్తకంలోది. బోనస్ యాక్షన్‌తో పూయడం, రెసిస్టెన్స్‌ని పట్టించుకోకపోవడం, గంటలో 50 గోల్డ్ సరుకుతో ప్రొఫిషియెన్సీ బోనస్ ఎంతో అన్ని డోసులు. డీసీ 14, 2డీ8, తర్వాతి టర్న్ చివరిదాకా పాయిజన్డ్. ఐదో లెవెల్‌లో మూడు డోసులు 50 గోల్డ్‌కి, అంగట్లో ఒక్క బేసిక్ సీసా 100కి. ఆ రోగ్‌ని ఇది తీసుకోమనండి. ఒక్కటి గుర్తుంచుకోండి, రెసిస్టెన్స్ పోతుంది గానీ ఇమ్యూనిటీ (విషం అసలే ఎక్కకపోవడం) పోదు. నడిచే శవాలు, గోలెమ్‌లు, డెవిల్స్, ఎలిమెంటల్స్‌లో చాలావాటి మీద సీసా నీళ్లతో సమానం. లెవెల్ పెరిగేకొద్దీ అలాంటివి ఎదురొస్తూనే ఉంటాయి.

పాతపెట్టె
అదే నేనంటున్నది. విషం ఎవరిమీద పనిచేస్తుందో చూడండి: మనుషులు, జంతువులు, గోబ్లిన్లు. నిజమైన దుష్టశక్తుల మీద చాలావరకు పనిచేయదు. పాలడిన్‌కి అభ్యంతరం చెప్పడానికి అంతకంటే మంచి కారణం పుస్తకంలోనే ఉంది, ఆ అమ్మాయి దాన్ని వాడుకోవాలి.

ఓత్_తప్పనివాడు
ఇదొక్కటి ఒప్పుకుంటా. నా పాలడిన్‌కి రాసుకుంటున్నా.

పాత్‌ఫైండర్_పద్మ
మా వైపు, అంటే పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట సెకండ్ ఎడిషన్‌లో, ఇంత తలనొప్పి లేదు. విషానికి స్టేజీలుంటాయి. సేవ్ సక్సెస్ అయితే ఒక స్టేజీ దిగుతుంది, క్రిట్ (భారీ) సక్సెస్‌కి రెండు, ఫెయిల్‌కి ఒకటి పైకి, క్రిట్ ఫెయిల్‌కి రెండు. మెడిసిన్ తెలిసినవాడు పక్కన కూర్చుని సాయం చెయ్యొచ్చు. బాణం గురి తప్పినా క్రిట్ ఫెయిల్ కాకపోతే విషం పోదు. పోయే ప్రాణాన్ని నిలబెట్టడం కూడా ఆటలో భాగమవుతుంది. ఒక్క డైస్‌తో అయిపోయేదానికంటే ఇది నయం.

తెనాలి_విజర్డ్
ప్రాణం నిలబెట్టే మాటొచ్చింది కాబట్టి: ప్రమాణకోటి దగ్గర దుర్యోధనుడు భీముడికి తిండిలో విషం పెట్టి గంగలో తోసేస్తే, పాములు కరిచి ఆ విషం విరిగిపోతుంది. మొక్కల విషానికి పాము విషం విరుగుడు అన్నది ఆయుర్వేదంలోనూ ఉన్న మాటే. హౌస్ రూల్‌గా బాగుంటుంది: తిన్న విషంతో పాయిజన్డ్ అయినవాడికి ఇంజ్యురీ విషం ఎక్కితే రెండూ రద్దు. ఆట వరకే సుమా.

మరుగుజ్జు_మావ
పార్టీ క్లెరిక్‌కి సర్పంచ్ స్పెల్ లేదు గానీ సర్పం ఉంటే చాలన్నమాట.

గుహలోగుమ్మడి
మావా, ఈ జోకుకి కాన్ సేవ్ ఎంత?

జీతంలేని_డీఎం
ఇద్దరితోనూ మాట్లాడాను. ఇలా అనుకున్నాం. ఆయుధం పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాడి మీద కత్తి విషానికి పాలడిన్ అడ్డు చెప్పదు, తను మాత్రం ముట్టదు. లొంగిపోయినవాడి మీద, ఖైదీ మీద ఎవరూ వాడకూడదు. తిండిలో కలపాలంటే ఆ తిండి ఎవరెవరు తింటారో ముందు తెలుసుకోవాలి, టేబుల్ మీద అందరూ సరేననాలి. టార్పర్‌కి మాత్రం అడగక్కర్లేదు. బేసిక్ పాయిజన్ 25 గోల్డ్‌కి తగ్గించా, కిట్ ప్రొఫిషియెన్సీ ఉంటే బోనస్ యాక్షన్. ఊరి తలారి దృష్టిలో మాత్రం ఏ సీసా అయినా నేరమే.

లెక్కల_మాంత్రికుడు
25కి తగ్గిస్తే రేపట్నుంచి గోబ్లిన్లు కూడా పూస్తాయి, అది చూసుకో. 8 హిట్ పాయింట్లే మిగిలిన విజర్డ్‌కి ఆ 1డీ4 చిన్నదేం కాదు. యాంటీటాక్సిన్‌ని కూడా తగ్గించు, లేకపోతే విరుగుడు విషానికి రెట్టింపు ధర పలుకుతుంది.

జీతంలేని_డీఎం
యాంటీటాక్సిన్ కూడా 25. గోబ్లిన్లలో నాయకుడొక్కడికే సీసా.

అమీర్‌పేట_రోగ్
ఒక్క డౌటు. గుహకి పోవాలంటే నడుమ వాగు దాటాలె అన్నవ్ కద. గట్టు మీద పూసి దిగితే?

నియమావళి
కడిగితే పోతుంది. డంజన్ మాస్టర్స్ గైడ్‌లోని ఇంజ్యురీ విషాలకి ఆ మాట నేరుగా రాసుంది, బేసిక్‌కి కూడా అదే వర్తింపజేయండి. వాగు దాటాక, కత్తి తుడిచి, గుహ నోటి దగ్గర పూయమనండి. అక్కణ్ణుంచి పది రౌండ్లు.